న్యాయ సందేహాలు: కోర్టు కాగితం ఎవరికి ఇస్తారు, ఎలా ఇస్తారు?

ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కోర్టు రికార్డులకు సంబంధించినవే. తాతల నాటి దావా నంబరు తెలియని వారు, తీర్పు వచ్చినా నకలు చేతికి రాక అప్పీలు గడువు గురించి దిగులుపడుతున్న వారు, సమాచార హక్కు కింద అడిగి కాదనిపించుకున్న వారు రాశారు. మన దేశంలో న్యాయస్థానం తలుపులు తెరిచి విచారణ జరుపుతుందన్నది మూల సూత్రం. సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 1966లోనే మిరాజ్‌కర్ కేసులో ఈ సూత్రాన్ని బలంగా చెప్పింది. న్యాయం కోసమే అవసరమైతే తలుపులు మూసి విచారించే అధికారం కోర్టుకు ఉందని కూడా అదే తీర్పులో చెప్పింది. ఈ రెండు మాటలూ కింది జవాబులన్నిటికీ ఆధారం. ఉత్తరాలను కుదించి, రాసినవారి పేర్లు తీసివేసి ఇస్తున్నాము.

ప్రశ్న: మా తాతగారు, ఆయన అన్నదమ్ముల మధ్య 1980ల మొదట్లో తెనాలి కోర్టులో భాగపరిష్కార దావా నడిచిందని పెద్దవాళ్లు చెబుతారు. నంబరు ఎవరికీ గుర్తులేదు. అప్పటి వకీలు గారు కాలం చేశారు. ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో తాతగారి పేరు పెట్టి ఎంత వెతికినా ఏమీ రావడం లేదు. రికార్డు లేనట్టేనా? (ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా)

జవాబు: లేనట్టు కాదు. వెబ్‌సైటులో కనిపించకపోవడానికీ, రికార్డు గదిలో లేకపోవడానికీ సంబంధం లేదు. కింది కోర్టుల కంప్యూటరీకరణ పథకం 2007లో మొదలైంది. అంతకు చాలా ఏళ్ల ముందే తేలిపోయిన దావాల వివరాలు చాలాచోట్ల కంప్యూటరులోకి ఎక్కనే లేదు, అవి ఇప్పటికీ గుడ్డ మూటల్లో, పెద్ద అట్టల రిజిస్టర్లలో ఉంటాయి. మీరు వెతకవలసింది అక్కడ.

అయితే రికార్డు గదికి వెళ్లే ముందు ఇంట్లో వెతకండి. పాత రికార్డు విషయంలో అన్నిటికన్నా విలువైనది దావా నంబరు, దాని సంవత్సరం. ఈ రెండూ మీ ఇంట్లోనో, దాయాదుల ఇంట్లోనో ఏదో ఒక కాగితం మీద ఉండే అవకాశం ఎక్కువ. ఆ భాగాల్లో ఏదైనా తరువాత అమ్ముడుపోయి ఉంటే, ఆ అమ్మకం దస్తావేజులో హక్కు ఎలా సంక్రమించిందో చెప్పే పేరా ఒకటి ఉంటుంది; 'ఫలానా కోర్టు ఓ.ఎస్. నంబరు ఫలానా దావాలో మాకు దఖలు పడిన' అనే మాట సాధారణంగా అందులో కనిపిస్తుంది. కొనుగోలుదారుల దగ్గర ఆ దస్తావేజు లేకపోయినా, సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్టరు లావాదేవీలను చూపే పత్రం) తీయించి, దస్తావేజు నంబరు పట్టుకొని నకలు పొందవచ్చు. ఇంట్లో ఉన్న పాత భూమి శిస్తు రసీదుల మధ్యలో సమన్ల కాగితం ఒక్కటి దొరికినా చాలు. ఒక కుటుంబం వారు నా దగ్గరికి ఖాళీ చేతులతో వచ్చి, పది రోజుల తరువాత పెళ్లి శుభలేఖల కట్టలో మడిచి ఉన్న కోర్టు కమిషనరు నోటీసు తీసుకువచ్చారు. దాని ఎడమ మూల, సిరా వెలిసిపోయిన చోట దావా నంబరు ఉంది. ఆ ఒక్క గీతతో మిగిలిన పని మూడు వారాల్లో పూర్తయింది.

నంబరు దొరకకపోతే కోర్టులో సూట్ రిజిస్టరు (దావాలను వరసగా నమోదు చేసే పుస్తకం) చూడమని కోరాలి. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది: మీ పెద్దలు చెప్పే కోర్టు పేరు ఇప్పుడు బోర్డు మీద కనిపించదు. వాళ్లు 'మునసబు కోర్టు' అంటే అది నేటి జూనియర్ సివిల్ జడ్జి కోర్టు. 'సబ్ కోర్టు' అంటే సీనియర్ సివిల్ జడ్జి కోర్టు. ఏ కోర్టన్నది ఆస్తి విలువను బట్టి నిర్ణయమవుతుంది కాబట్టి, పెద్ద కుటుంబాల భాగపరిష్కార దావాలు ఎక్కువగా సబ్ కోర్టులోనే పడేవి. అక్కడ మొదలుపెట్టండి. మీరు దావాలో కక్షిదారు వారసులు కనుక, వారసత్వాన్ని చూపించే ధ్రువపత్రం జతచేసి, వాది ప్రతివాదుల పేర్లు, గ్రామం, సుమారు సంవత్సరాలు రాసి, రికార్డు వెతికించి నకలు ఇప్పించమని వకీలు ద్వారా దరఖాస్తు పెట్టండి. సంవత్సరం ఎంత దగ్గరగా చెప్పగలిగితే గుమస్తా తిరగేయవలసిన రిజిస్టర్లు అంత తగ్గుతాయి. తాతగారి పెళ్లి, ఎవరిదైనా మరణం, దివిసీమ ఉప్పెన వచ్చిన 1977 వంటి గుర్తులతో పెద్దవాళ్ల చేత సంవత్సరం పట్టించండి.

దావా కట్టలో ఉన్న ప్రతి కాగితమూ ఇన్నేళ్లు నిలిచి ఉంటుందని మాత్రం అనుకోకండి. 1917 నాటి రికార్డుల విధ్వంస చట్టం కింద హైకోర్టు నియమాలు చేస్తుంది. వాటి ప్రకారం అఫిడవిట్లు, చిల్లర పిటిషన్ల వంటివి కొంత కాలం తరువాత తీసివేస్తారు, తీర్పు, డిక్రీ (తీర్పులో తేలిన హక్కులను అధికారికంగా రాసే కాగితం) వంటి వాటిని మిగిలిన వాటికన్నా చాలా ఎక్కువ కాలం ఉంచుతారు. మీకు కావలసింది కూడా ఆ రెండే. నకలు చేతికి వచ్చాక అది ప్రాథమిక డిక్రీయా, తుది డిక్రీయా అన్నది మొదట చూడండి. ప్రాథమిక డిక్రీ ఎవరికి ఎన్నో వంతు అన్నది తేలుస్తుంది. ఏ చెక్క ఎవరిదన్నది తుది డిక్రీలో తేలుతుంది. తుది డిక్రీ కోసం దరఖాస్తు పెట్టడానికి కాలపరిమితి అడ్డు రాదని సుప్రీంకోర్టు 2009లో శుభ్‌కరణ్ బుబ్నా కేసులో చెప్పింది. కాబట్టి ప్రాథమిక డిక్రీ దగ్గర ఆగిపోయిన దావా అయితే మీ చేతిలో ఉన్నది చరిత్ర కాగితం కాదు, ప్రాణం ఉన్న హక్కు. తుది డిక్రీ కూడా వచ్చి ఉంటే దాని అమలుకు 12 సంవత్సరాల గడువు ఉంటుంది. అప్పుడు ప్రశ్న వేరే అవుతుంది, ఆ నకలుతో మీ వకీలును సంప్రదించండి.

ప్రశ్న: మేము ఊరి శివారులో ఇంటి స్థలం కొనబోతున్నాము. ఈసీ శుభ్రంగా ఉంది. అయినా కోర్టులో కేసు ఉందేమోనని అనుమానం. సర్వే నంబరు పెట్టి వెతకవచ్చా? (ఒక పాఠకురాలు, సంగారెడ్డి)

జవాబు: అమ్మా, మీ అనుమానం చాలా సరైనది. ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలు. ఎవరో వేసిన దావా మన రాష్ట్రాల్లో ఈసీలోకి దానంతట అది ఎక్కదు. కానీ దావా నడుస్తుండగా కొన్న ఆస్తి ఆ దావా ఫలితానికి లోబడే ఉంటుందని ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షను చెబుతుంది. 'నాకు తెలియదు' అన్నా మిమ్మల్ని అది వదలదు.

సర్వే నంబరుతో వెతికే సౌకర్యం ఈ-కోర్ట్స్‌లో లేదు. పేరుతో వెతకాలి. రాష్ట్రం, జిల్లా, కోర్టు సముదాయం ఎంచుకొని, పార్టీ పేరులో కనీసం మూడు అక్షరాలు, కేసు నమోదైన సంవత్సరం ఇవ్వాలి. నడుస్తున్నవి, తేలిపోయినవి రెండూ చూడాలి. ఒక్కొక్క సంవత్సరానికీ విడివిడిగా వెతకవలసి ఉంటుంది కాబట్టి ఓపిక కావాలి. ఇందులో మన పేర్లు పెట్టే తంటా అంతా ఇంతా కాదు. లక్ష్మి అన్న పేరును ఇంగ్లీషులో ఒకరు 'కె, ఎస్, హెచ్' అక్షరాలతో రాస్తే మరొకరు ఒక్క 'ఎక్స్'తో ముగిస్తారు. వెంకటేశ్వర్లులో 'ఎస్' తరువాత 'హెచ్' ఉండవచ్చు, లేకపోవచ్చు. ఇంటిపేరు ముందు పూర్తిగా ఉండవచ్చు, పొడి అక్షరంగా ఉండవచ్చు. అందుకని పేరు మొత్తం కొట్టకండి. మధ్యలో మారడానికి వీలులేని ముక్క ఒకటి తీసుకొని వెతకండి. అమ్మకందారు ఒక్కరి పేరుతో ఆగక, ఈసీలో కనిపించిన గత ఇరవై, ముప్ఫై ఏళ్ల యజమానుల పేర్లు, వారి అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పేర్లు కూడా వెతకండి. ఆడపిల్లలు వేసే భాగపరిష్కార దావాలు అమ్మకందారు చెప్పకుండా దాచే వాటిలో ముందుంటాయి. కేవియట్లను (తమకు చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వవద్దని ముందుగానే వేసే పిటిషన్లను) వెతికే విభాగం కూడా అదే వెబ్‌సైటులో ఉంది, దానినీ చూడండి.

హైకోర్టు కేసులకు హైకోర్టు వెబ్‌సైటు వేరు. బ్యాంకు బాకీలకు సంబంధించినవి రుణ వసూళ్ల ట్రిబ్యునలులో ఉంటాయి, రెవెన్యూ అధికారుల ముందు ఉన్న భూ వివాదాలు వాళ్ల కార్యాలయాల్లోనే ఉంటాయి. ఇవేవీ జిల్లా కోర్టుల జాబితాలో కనిపించవు. ఏదైనా కేసు బయటపడితే భయపడి వెంటనే వదులుకోనక్కరలేదు. దాని సి.ఎన్.ఆర్. నంబరు, అంటే ఆ కేసు ఒక్కదానికే ఉండే గుర్తింపు నంబరు, రాసుకోండి. పదహారు అక్షరాలూ అంకెలూ కలిసిన ఈ నంబరులో మొదటి రెండు అక్షరాలు రాష్ట్రానికి, తరువాతి రెండు జిల్లాకు, ఆపై రెండంకెలు కోర్టుకు, ఆరంకెలు కేసుకు, చివరి నాలుగు సంవత్సరానికి గుర్తు. ఆ నంబరుతో మీ వకీలు దావా షెడ్యూలు (ఆస్తి వివరాల పట్టిక) నకలు తీయిస్తే, అందులో ఉన్నది మీరు కొనబోయే స్థలమో, ఆ కుటుంబానిదే మరో చెక్కో తెలుస్తుంది. షెడ్యూలులో నాలుగు హద్దులూ చదవకుండా బయానా ఇవ్వకండి.

ప్రశ్న: జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో మా దావా కొట్టివేశారు. అప్పీలుకు 30 రోజులు అంటున్నారు. నకలు ఇంకా రాలేదు, రోజులు గడిచిపోతున్నాయి. వెబ్‌సైటులో తీర్పు కనిపిస్తోంది, దాన్ని ప్రింటు తీసి అప్పీలు వేయకూడదా? (ఒక రైతు, అనంతపురం జిల్లా)

జవాబు: వెబ్‌సైటు ప్రతి చదువుకోవడానికి, వకీలుతో మాట్లాడుకోవడానికి, అప్పీలు కారణాలు తయారు చేసుకోవడానికి ఉపయోగపడుతుంది. అప్పీలుతో జతచేయవలసింది మాత్రం కోర్టు ముద్ర, అధికారి సంతకం ఉన్న ధ్రువీకృత నకలు. ఇప్పుడు మీకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి చెబుతాను, ఇది అర్థమైతే చాలా ఆందోళన తగ్గుతుంది.

కాలపరిమితి చట్టం 12వ సెక్షను ప్రకారం తీర్పు చెప్పిన రోజును లెక్కలోకి తీసుకోరు. నకలు పొందడానికి అవసరమైన కాలాన్ని కూడా గడువులోంచి మినహాయిస్తారు. ఉదాహరణ చూడండి. తీర్పు మార్చి 3న వచ్చింది. మామూలుగా 30 రోజుల గడువు ఏప్రిల్ 2తో ముగుస్తుంది. మీరు మార్చి 10న నకలు దరఖాస్తు పెట్టారు, నకలు మార్చి 28న సిద్ధమైంది. ఆ రెండు తేదీలు కలుపుకొని 19 రోజులు మినహాయింపు. గడువు ఏప్రిల్ 21 వరకు జరుగుతుంది. కానీ సిద్ధమైన నకలును మీరు తీరిక చూసుకొని ఏప్రిల్ 20న తీసుకున్నారనుకోండి. మార్చి 28 తరువాత గడిచిన రోజులు మీవే, వాటికి మినహాయింపు లేదు. మీ చేతిలో మిగిలింది ఒక్క రోజు.

ఇంకొక మెలిక ఉంది. దరఖాస్తు పెట్టగానే నకలు తయారు కాదు. రికార్డు వచ్చాక, ఎన్ని పేజీలో లెక్కగట్టి, ఇంత రుసుము కట్టమని కాపీయింగ్ సెక్షన్ వారు దరఖాస్తుల జాబితాను నోటీసు బోర్డు మీద పెడతారు. మీ ఇంటికి ఉత్తరం రాదు. పై ఉదాహరణలోనే రుసుము మార్చి 14న అడిగారని, మీరు 24న కట్టారని అనుకుందాం. మధ్యలో పోయిన తొమ్మిది రోజులు మీ ఆలస్యమే కాబట్టి అవి నకలుకు 'అవసరమైన కాలం' కిందికి రావు. అప్పుడు గడువు ఏప్రిల్ 21న కాదు, 12నే ముగుస్తుంది. 20న నకలు తీసుకున్న మీరు అప్పటికే ఆలస్యమైపోయినట్టు. మరీ జాప్యం చేస్తే దరఖాస్తునే కొట్టివేస్తారు.

ఇది పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. నేను జూనియరుగా ఉన్న రోజుల్లో ఒక తాలూకా కోర్టులో మా కక్షిదారు ఒకాయన, వేరుశనగ పంట పీకుడు సమయంలో, వారానికి ఒకసారి బస్సు దిగి నేరుగా కౌంటరు దగ్గరికి వెళ్లి 'నకలు వచ్చిందా' అని అడిగేవాడు. 'ఇంకా లేదు' అనే జవాబు విని వెనక్కి వెళ్లేవాడు. ఆ జవాబు అబద్ధం కాదు. రుసుము కట్టనిదే నకలు ఎలా వస్తుంది? కౌంటరుకు నాలుగడుగుల దూరంలో, వరండా స్తంభం పక్కన బోర్డు మీద ఆయన దరఖాస్తు నంబరు ఉంది. దాన్ని చూడమని ఆయనకు ఎవరూ చెప్పలేదు, చెప్పవలసిన వారిలో నేనూ ఉన్నాను. ఆలస్యాన్ని మన్నించమని కాలపరిమితి చట్టం 5వ సెక్షను కింద పిటిషను వేసి, దాని మీద వాదించి, అప్పీలు నంబరు పడేసరికి ఏడాది గడిచింది. ఆ ఏడాదిలో అవతలివారు గట్టు జరిపారు.

కాబట్టి తీర్పు వచ్చిన రోజునే, వీలు కాకపోతే మరునాడు, దరఖాస్తు పెట్టించండి. దరఖాస్తు నంబరును మీ సొంత పుస్తకంలో రాసుకోండి. రెండు మూడు రోజులకోసారి బోర్డు చూడండి లేదా వకీలు గుమస్తా చేత చూపించండి. నకలు చేతికి రాగానే మొదట దాని మీద వేసిన తేదీల ముద్ర చదవండి: దరఖాస్తు పెట్టిన తేదీ, రుసుము అడిగిన తేదీ, కట్టిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ. అప్పీలు కోర్టు మీ గడువును లెక్కించేది ఆ ముద్రను బట్టే. అందులో ఒక్క అంకె తప్పుపడినా అక్కడే నిలబడి సరిచేయించుకోండి. గడువు చివరి రోజు కోర్టు సెలవైతే తెరిచిన రోజున వేయవచ్చు. 30 రోజులూ దాటిపోయాక పెట్టిన నకలు దరఖాస్తు మాత్రం గడువును బతికించలేదు.

ప్రశ్న: మా ఊరి చెరువు శిఖం భూమి మీద ఇద్దరు ప్రైవేటు వ్యక్తులు ప్రభుత్వంపై దావా వేసి గెలిచారట. ఆ తీర్పు, దావా కాగితాలు ఇవ్వమని సమాచార హక్కు చట్టం కింద అడిగితే ఇవ్వలేమన్నారు. ప్రజల చెరువు గురించిన తీర్పు ప్రజలకు ఎందుకు ఇవ్వరు? (ఒక యువజన సంఘం సభ్యుడు, జగిత్యాల జిల్లా)

జవాబు: మీ ఆవేదన నాకు అర్థమైంది, మీ పట్టుదల నిలవాలని కోరుకుంటున్నాను. అయితే మీరు తట్టిన తలుపు వేరు, తెరుచుకొనే తలుపు వేరు. గుజరాత్ హైకోర్టుకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2020 మార్చి 4న ఇచ్చిన తీర్పులో, న్యాయ విచారణకు చెందిన కాగితాల నకళ్లను హైకోర్టు నియమాల ప్రకారమే పొందాలని, ఆ దారి ఉండగా సమాచార హక్కు చట్టాన్ని వాడుకోవడం కుదరదని స్పష్టం చేసింది. కోర్టు పరిపాలనకు సంబంధించిన సమాచారం వేరు, దానికి ఆ చట్టం వర్తిస్తుంది.

ఆ నియమాల దారిలో మీలాంటి మూడో వ్యక్తికి కూడా చోటుంది. 'థర్డ్ పార్టీ కాపీ అప్లికేషను' వేసి, నకలు ఎందుకు కావాలో అఫిడవిట్‌లో చెప్పాలి. న్యాయమూర్తి ఆ కారణాన్ని చూసి అనుమతిస్తారు. ఆ అఫిడవిట్‌లో 'ప్రజా ప్రయోజనం' అన్న రెండు మాటలు రాసి ఊరుకోకండి. మీరు ఆ చెరువు ఆయకట్టు రైతులని, ఆ తీర్పు మీ నీటి హక్కును ఎలా తాకుతుందో, నకలుతో మీరు ఏం చేయబోతున్నారో, అంటే కలెక్టరుకు అర్జీ పెడతారా, అప్పీలులో చేరడానికి అనుమతి అడుగుతారా అన్నది రాయండి. పట్టాదారు పుస్తకం ప్రతి జతచేయండి. తీర్పు, డిక్రీ నకళ్లు దొరకడం తేలిక; కక్షిదారులు దాఖలు చేసిన సొంత పత్రాల నకళ్లు మూడో వ్యక్తికి అంత సులభంగా ఇవ్వరు. అందుకే మొదటి దరఖాస్తులో తీర్పు, డిక్రీ, షెడ్యూలు మాత్రమే అడగండి. వాటిని చదివాక మిగిలినవి ఏవి కావాలో మీకే తెలుస్తుంది.

ఏ కోర్టుకు వెళ్లాలో కూడా చూసుకోవాలి. 2016 అక్టోబరు వరకు జగిత్యాల కరీంనగర్ జిల్లాలో ఉండేది. తెలంగాణలో కొత్త జ్యుడీషియల్ జిల్లాలు 2022 జూన్ 2న మొదలయ్యాయి. అంతకుముందు జిల్లా కోర్టు స్థాయిలో తేలిపోయిన కేసు కట్ట కరీంనగర్ రికార్డు గదిలోనే ఉండవచ్చు. ఆంధ్రప్రదేశ్ పాఠకులకు కూడా ఇలాంటి చిక్కే ఉంది: రెవెన్యూ జిల్లాల సరిహద్దులు 2022 ఏప్రిల్‌లో మారినా, వాటితోపాటు కోర్టుల జిల్లాలు మారాయని అనుకోకూడదు. చివరిగా, ప్రభుత్వం ఓడిన కేసు కాబట్టి తీర్పు ప్రతి ఒకటి రెవెన్యూ కార్యాలయంలో కూడా ఉంటుంది. అప్పీలు వేశారా, వేయకపోతే ఎందుకు వేయలేదు అన్న ప్రశ్నను తహసీల్దారు కార్యాలయానికి సమాచార హక్కు చట్టం కింద నిరభ్యంతరంగా వేయండి. అది కోర్టును అడగడం కాదు, ప్రభుత్వాన్ని అడగడం.

ప్రశ్న: మా పాప విషయంలో పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు నడుస్తోంది. కోర్టు రికార్డులు అందరికీ తెరిచే ఉంటాయంటున్నారు కదా, మా పాప పేరు ఎవరైనా చూస్తారేమోనని నిద్ర పట్టడం లేదు. (ఒక తల్లి)

జవాబు: అమ్మా, మీ పాప విషయంలో ఆ తలుపులు మూసే ఉంటాయి. విచారణ సాగినంత కాలం బిడ్డ గుర్తింపు బయటపడకుండా చూడవలసిన బాధ్యతను పోక్సో చట్టం ప్రత్యేక కోర్టు మీదనే పెట్టింది. పేరు ఒక్కటే కాదు. ఊరు, బడి, తల్లిదండ్రుల పేర్లు, బిడ్డ ఎవరో పోల్చుకోవడానికి వీలిచ్చే ఏ వివరమూ బయటపెట్టకూడదు. నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో ఈ విషయాన్ని వివరంగా చెప్పింది. పత్రికల్లోనో, ఇంటర్నెట్లోనో, కోర్టు ఉత్తర్వులోనో ఎక్కడైనా అలాంటి వివరం మీ కంటపడితే, ఆ పేజీని ఫోటో తీసి ఉంచుకొని, పబ్లిక్ ప్రాసిక్యూటరు ద్వారా అదే కోర్టు దృష్టికి వెంటనే తీసుకువెళ్లండి. ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టాలని 2016లో ఆదేశించిన సుప్రీంకోర్టు, లైంగిక నేరాల వంటి సున్నితమైన కేసులను ఆ ఆదేశం నుంచి తప్పించింది.

ఇతరులకు మూసిన రికార్డు మీకు మూసినట్టు కాదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక సురక్షా సంహిత 230వ సెక్షను ప్రకారం, ముద్దాయికి అభియోగపత్రం, వాంగ్మూలాల ప్రతులు ఉచితంగా ఇచ్చినట్టే, వకీలు ఉన్న బాధితులకు కూడా ఇవ్వాలి. వకీలును పెట్టుకొనే స్తోమత లేదనుకోకండి. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100 నంబరుకు ఫోను చేయండి.

ప్రశ్న: తీర్పు ఇంగ్లీషులో ఉంది. తెలుగులో ఇవ్వమని అడగవచ్చా? (ఒక పాఠకుడు, ఒంగోలు)

జవాబు: మీ కేసు ఎలాంటిదో రాయలేదు. క్రిమినల్ కేసులో ముద్దాయి కోరితే, సాధ్యమైనంత వరకు ఆయన భాషలో, లేదా కోర్టు భాషలో తీర్పు అనువాదం ఇవ్వాలని చట్టమే చెబుతుంది; అప్పీలు చేసుకొనే హక్కు ఉన్న కేసయితే రుసుము కూడా ఉండదు. ఈ హక్కు ఉన్నదని తెలియక ఎవరూ అడగరు, అడగకపోవడం వల్ల ఇవ్వడం అలవాటు తప్పింది. దయచేసి అడగండి. సివిల్ తీర్పులకు అలాంటి నిబంధన లేదు, అనువాదం మీరే చేయించుకోవాలి. సుప్రీంకోర్టు తీర్పుల్లో కొన్నిటి తెలుగు అనువాదాలు ఆ కోర్టు వెబ్‌సైటులో ఉచితంగా ఉన్నాయి. 2023లో తెలంగాణ హైకోర్టు ఒక అప్పీలులో తెలుగులోనే తీర్పు వెలువరించింది. తన భూమి గురించి కోర్టు ఏం చెప్పిందో తన భాషలో చదువుకొనే అవకాశం ప్రతి కక్షిదారుకూ రావాలని మనసారా కోరుకునే వారిలో నేనొకడిని.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో ఉంటుంది. 2012లో హైదరాబాదు ఫ్యామిలీ కోర్టులో విడాకులు మంజూరయ్యాయి. అక్కడి అధికారులు డిక్రీ అడుగుతున్నారు. అమ్మాయి రాకుండా నేను తీసుకోవచ్చా? (ఒక తండ్రి, హైదరాబాదు)

జవాబు: తీసుకోవచ్చు. అప్పటి వకీలు గారు ఇప్పటికీ ప్రాక్టీసులో ఉంటే, కేసులో వకాల్తా ఆయనదే కాబట్టి ఆయన ద్వారా దరఖాస్తు పెట్టించడం దగ్గరి దారి. లేకపోతే అమ్మాయి మీ పేర స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసి, అక్కడి నోటరీ ముందు సంతకం చేసి పంపాలి. విదేశంలో రాసిన ఆ పత్రం ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపల దానికి స్టాంపు వేయించాలి, చాలామంది ఈ పని మరచిపోతారు. కుటుంబ వివాదాల కాగితాలు బయటివారికి ఇవ్వరు గనుక, తండ్రినన్న మాట ఒక్కటే సరిపోదు, అధికార పత్రం చూపవలసి ఉంటుంది.

ఉత్తర్వు, డిక్రీ అన్నవి రెండు వేర్వేరు కాగితాలు. రెండింటికీ నకలు అడగండి, ఒక్కొక్కటి రెండేసి ప్రతులు. డిక్రీలో అమ్మాయి పేరు, పాస్‌పోర్టులో పేరు ఒకే తీరుగా ఉన్నాయో లేదో అక్షరం అక్షరం సరిచూడండి. ఆ తరువాత రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, దాని మీద విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర (ఒప్పందంలో ఉన్న ఇతర దేశాల్లో చెల్లే ధ్రువీకరణ) వేయించాలి. అపోస్టిల్ ఒప్పందం మన దేశానికి 2005 నుంచి వర్తిస్తోంది, అమెరికా కూడా అందులో ఉంది కాబట్టి మళ్లీ రాయబార కార్యాలయం ముద్ర అక్కరలేదు.

ప్రశ్న: దావాలో మా అసలు దస్తావేజు దాఖలు చేశాము. కేసు ముగిసి ఆరేళ్లయింది. నకలు కాదు, అసలే కావాలి. (ఒక పాఠకుడు, నల్లగొండ)

జవాబు: వెంటనే అడగండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 13వ ఆర్డరు 9వ రూలు ప్రకారం, అప్పీలు వేయకుండా గడువు ముగిశాక, లేదా వేసిన అప్పీలు తేలిపోయాక, దాఖలు చేసినవారు తమ పత్రాన్ని వెనక్కి తీసుకోవచ్చు. కేసు నడుస్తుండగానే కావాలంటే ధ్రువీకృత నకలును దాని స్థానంలో పెట్టి, అడిగినప్పుడు అసలు తెచ్చి చూపిస్తానని హామీ ఇవ్వాలి. కోర్టు ఏదైనా కారణంతో స్వాధీనంలో ఉంచమని ఆదేశించిన పత్రానికి, డిక్రీ వల్ల చెల్లకుండా పోయిన పత్రానికి ఈ వెసులుబాటు ఉండదు. తీసుకొనేటప్పుడు దస్తావేజు వెనుక ఎగ్జిబిట్ నంబరు (సాక్ష్యంగా గుర్తించినప్పుడు వేసే నంబరు), దావా నంబరు, న్యాయమూర్తి సంతకం ఉన్న ముద్ర ఉందేమో చూడండి. మీరు ఇచ్చిన కాగితమే మీకు తిరిగి వచ్చిందనడానికి ఆ ముద్రే గుర్తు. రికార్డు గదిలో తేమకు అంచులు చిరిగిపోయి ఉండవచ్చు కాబట్టి ఒక ప్లాస్టిక్ కవరు వెంట తీసుకువెళ్లండి, లామినేషను మాత్రం చేయించకండి.